పలాస పప్పుకి ఏ పెట్టె? బుడితి ఇత్తడికి ఏది?

అట్టపెట్టెలు కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు అడిగేది మూడు ప్లైయా, ఐదు ప్లైయా అని, అంటే అట్టలో కాగితం పొరలు ఎన్ని అని. మూత ఎలా పడుతుందో పెద్దగా పట్టించుకోరు. శ్రీకాకుళం నుంచి కొరియర్‌లో సరుకు పంపేవాళ్ళు మాత్రం అదీ చూసుకోవాలి. పలాస జీడిపప్పుకి సరిపోయే పెట్టె బుడితి ఇత్తడికి ఆగదు.

ఎక్కడైనా దొరికేది ఆర్‌ఎస్‌సీ (రెగ్యులర్ స్లాటెడ్ కంటైనర్) రకం, అంటే మామూలు అట్టపెట్టె. పైన నాలుగు రెక్కలు, కింద నాలుగు, అన్నీ ఒకే పొడవు. బయటి రెండు రెక్కలూ సరిగ్గా మధ్యలో కలుస్తాయి, ఆ గీత మీద టేప్ వేస్తాం. అట్ట వృథా తక్కువ కాబట్టి చవక. కిలో పప్పు ప్యాకెట్లకి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. సైజు దగ్గరే జాగ్రత్త. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అలా వచ్చిన కిలోలు, అసలు బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 30, 25, 20 కొలతల పెట్టెలో రెండు కిలోల పప్పు పెట్టారనుకోండి, మూడు కిలోల ఛార్జీ పడుతుంది. ఆ మూడో కిలో ఉత్త గాలే!

బుడితి చెంబులూ గిన్నెలూ పంపాలంటే కథ వేరు. ఆర్‌ఎస్‌సీలో లోపలి రెక్కలు సాధారణంగా మధ్యదాకా రావు. అడుగున నడిమధ్య ఒక్క పొరే, దాన్ని పట్టి ఉంచేది టేప్. ఫుల్ ఓవర్‌ల్యాప్ పెట్టెలో బయటి రెక్క రెండోదాన్ని దాదాపు అంచుదాకా కప్పేస్తుంది. అట్ట ఎక్కువ పడుతుంది, ధరా ఎక్కువే. దాని బదులు ఐదు ప్లై ఆర్‌ఎస్‌సీ తీసుకుంటే పోలేదా అంటారు. పెట్టె మీద పెట్టె పేర్చేటప్పుడు బరువు మోసేది గోడలు కాబట్టి అక్కడ ఐదు ప్లైదే పైచేయి. అడుగు ఊడుతుందన్న టెన్షన్ ఉంటే మాత్రం నా ఓటు ఓవర్‌ల్యాప్‌కే. ఏది కొన్నా, గోడల అట్ట లోపల కనిపించే అలల్లాంటి మడతలు నిలువుగా ఉండేలా నిలబెట్టాలి. పక్కకి పడుకోబెట్టి పేర్చినా, వానాకాలం తడి నేల మీద పెట్టినా పెట్టె కుంగుతుంది.

పొందూరు ఖద్దరుకి టేప్ అక్కర్లేని మెయిలర్, అంటే మూత అతుక్కునే ఉండే పెట్టె, బాగుంటుంది. చెవులు లోపలికి దూర్చి మూసేస్తే చాలు, తెరిచేవాళ్ళకీ ముచ్చటేస్తుంది. కానీ సొంత సైజు కావాలంటే డై (అట్టని ఆ ఆకారంలో కత్తిరించే అచ్చు) చేయించాలి, కొద్ది పెట్టెలకి అది గిట్టదు. కానుక కాకపోతే చీరకి గట్టి కవరు చాలు.

విజయనగరం జిల్లా బొబ్బిలి వీణని ఆర్‌ఎస్‌సీలో చివర నుంచి నిలువుగా దూర్చడం సాహసమే. అడుగు ఒక ముక్క, మూత ఒక ముక్కగా ఉండే టెలిస్కోప్ పెట్టెలో అయితే పై నుంచి పడుకోబెట్టవచ్చు. మూత అడుగుదాకా దిగేలా చేయిస్తే గోడలు రెండు పొరలవుతాయి. ఖర్చు ఎక్కువనిపిస్తే, షోకేసులో పెట్టుకునే చిన్న వీణలకి ఆర్‌ఎస్‌సీలోనే చుట్టూ కాగితం గట్టిగా కూరి పంపవచ్చు.