మొదటి రైఫిల్‌గా ఏది మేలు: ట్వంటీ టూనా, ఏఆర్-15నా? కొన్నాక కాల్చేదెక్కడ?

మేముండేది అరిజోనాలోని చాండ్లర్‌లో, ఫీనిక్స్ పక్కనే. ఇక్కడ మనవాళ్ల పుట్టినరోజు పార్టీల్లో ఇళ్ల రేట్లు, గ్రీన్ కార్డ్ డేట్లు అయిపోయాక మగాళ్లంతా గ్యారేజీ వైపు చేరతారు కదా, అప్పుడు ఎవడో ఒకడు మెల్లగా కదుపుతాడు, "అన్నా, నీ దగ్గర రైఫిల్ ఉందంట, నేనూ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, ఏది బెటరు?" అని. అడిగేవాడు అప్పటికే యూట్యూబ్‌లో వీడియోల మీద వీడియోలు చూసి ఏఆర్-15కి ఫిక్స్ అయిపోయుంటాడు, నేను ఊ అంటే చాలు ఆ రాత్రే డబ్బు కట్టేస్తాడు. నేను ఊ అనను. దాన్ని ఎక్కడికి తీసుకెళ్లి కాలుస్తావురా అని అడుగుతా, అక్కడ ఆగిపోతాడు.

నాకూ ఇదంతా పుట్టుకతో వచ్చిందేం కాదు. చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్లలో బుడగలు కాల్చే ఎయిర్ గన్ తప్ప చేత్తో తుపాకీ పట్టింది లేదు, ఆ గొట్టం కూడా వాడు కావాలనే వంచి పెడతాడని మా మావయ్య అనేవాడు. ఆ తర్వాత గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం కొట్టినప్పుడు టీవీలో చూడటం, అంతే.

ముందు ఒక మాట, ఇది తేలకపోతే మిగతాదంతా దండగ. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, తూటాలు కూడా అందులోకే వస్తాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని పది రౌండ్లు కాల్చినా అది దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. ఫ్రెండ్స్ అందరూ కలిసి వీకెండ్ రేంజ్‌కి వెళ్లి ఫొటోలు పెట్టే స్టూడెంట్స్‌కి ఈ సంగతి తెలియదు, తెలిసిన వాళ్లు చెప్పరు. దీనికి మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. అది కూడా వీసా మీద ఉన్నవాడు నా మాట నమ్మి చేయకూడదు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి చేయాలి. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ అడ్డు లేదు. ఇంకోటి, "అన్నా నువ్వు కొను, డబ్బులు నేనిస్తా" అనే బేరం ఎవడు పెట్టినా చేతులెత్తి దండం పెట్టి పంపించెయ్యండి, వేరేవాడి కోసం నీ పేరు మీద కొనడం పెద్ద నేరం, 2022లో దానికంటూ విడిగా ఫెడరల్ చట్టమే తెచ్చారు.

కొనేటప్పుడు షాపులో 4473 అనే ఫారం నింపాలి, గ్రీన్ కార్డ్ వాళ్లు కార్డు మీదున్న ఏలియన్ నంబర్ కూడా రాయాలి, తర్వాత ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్. షాపులో రైఫిల్ కొనడానికి ఫెడరల్‌గా 18 ఏళ్లు నిండాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉంది, కొత్త ఇంట్లోకి మారి ఎనిమిది నెలలైనా మార్చుకోలేదు, కౌంటర్ వెనకాల పెద్దాయన కార్డు చూసి ఫారం చూసి కార్డు వెనక్కి తోసేశాడు, నలభై నిమిషాల డ్రైవ్ వృథా. అరిజోనాలో దీనికి మించి పెద్ద తతంగం లేదు గానీ న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి ముందు తుపాకీ ఐడీ కార్డ్ కావాలి, ఇల్లినాయిలోనూ అంతే, కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి, ఈ మూడు చోట్లా మామూలు ఏఆర్‌ల మీద నిషేధాలు కూడా ఉన్నాయి. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న మా తోడల్లుడు నేను కొన్నదే కొందామని షాపుకెళితే అక్కడ అది అమ్మరు అన్నారు.

ఇక అసలు పోటీ. ఒక పక్క ట్వంటీ టూ, అంటే .22 అనే చిన్న తూటా కాల్చే రైఫిల్, అందులో రూగర్ కంపెనీ 10/22, 1964 నుంచి అమ్ముతున్నారు, పది తూటాలు పట్టే గుండ్రటి మ్యాగజైన్ కింద పూర్తిగా లోపలికి కూర్చుంటుంది, బరువు ఐదు పౌండ్లకి కాస్త అటూఇటూ. ఇంకో పక్క ఏఆర్-15, స్మిత్ అండ్ వెసన్ వాళ్ల ఎం అండ్ పీ 15 స్పోర్ట్ గానీ రూగర్ ఏఆర్-556 గానీ మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా చూసేవి అవే. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ అనుకుంటారు, కాదు, ఆర్మలైట్ అనే కంపెనీ పేరులోంచి వచ్చింది. రెండూ సెమీ ఆటోనే, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే పేలుతుంది, నొక్కి పట్టుకుంటే వరసగా పేలేవి వేరే జాతి, 1986 మే తర్వాత తయారైనవి మామూలు జనానికి అమ్మడం లేదు.

రైఫిల్ ధర చూసి మోసపోకండి. నేను కొన్నప్పుడు 10/22 మూడొందల చిల్లర డాలర్లు, ఓ మాదిరి ఏఆర్ ఆరేడొందలు, తేడా అంతేగా అనిపిస్తుంది. అసలు బొక్క తూటాల దగ్గర. ట్వంటీ టూ రౌండ్ ఒకటి ఏడెనిమిది సెంట్లు పడితే ఏఆర్‌ది యాభై సెంట్ల దగ్గర పడింది నాకు. ఒక పూట వెళితే రెండొందల రౌండ్లు తేలిగ్గా అయిపోతాయి, అంటే దీనికి పదహారు డాలర్లు, దానికి వంద. నెలకి రెండుసార్లు వెళ్లేవాడు ఏడాది తిరిగేసరికి తేడా రెండు వేల డాలర్లు, ఇండియా టికెట్ వచ్చేస్తుంది, ఈ లెక్క ఇంట్లో చెప్పకండి.

డబ్బు పక్కన పెట్టినా నేర్చుకోవడంలోనే ట్వంటీ టూ గెలుస్తుంది. దాని తూటా నలభై గ్రెయిన్ల బరువుతో సెకనుకి 1200 అడుగుల వేగంతో పోతుంది, ఏఆర్‌ది యాభై ఐదు గ్రెయిన్లు, వేగం దాదాపు 3000 అడుగులు. భుజానికి తన్నేది ఏఆర్‌లో కూడా పెద్దగా ఉండదు, కానీ ఆ చప్పుడు ఉంది చూశారూ, చెవులకి మఫ్‌లు పెట్టుకున్నా ఛాతీలో కొడుతుంది. దానికి మన ఒళ్లు ముందే బెదిరి, పేలబోయే క్షణంలో కళ్లు మూసుకుని గొట్టాన్ని కిందకి నొక్కేస్తాం, మనకి తెలీకుండానే. నా ఫ్రెండ్ ఒకడు అద్దె ఏఆర్‌తో మొదలుపెట్టి గుళ్లన్నీ గురికి కిందా ఎడమవైపూ పడుతున్నాయని గురి చూసే సైట్లు తిప్పీ తిప్పీ విసిగిపోయాడు. పక్కనున్న ముసలాయన చూసి చూసి, మ్యాగజైన్ తీసుకుని వీడికి కనపడకుండా నాలుగు మంచి రౌండ్ల మధ్య ఒక డమ్మీ రౌండ్, అంటే పేలని ఉత్తుత్తి తూటా, పెట్టి ఇచ్చాడు. మూడోసారి నొక్కితే టిక్ అంది, పేల్లేదు, గొట్టం ముక్కు మాత్రం రెండంగుళాలు కిందకి వంగింది. తప్పు సైట్లది కాదని అందరం చూశాం, వాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ తర్వాత ట్వంటీ టూ మీద రెండు నెలలు కాల్చాక గానీ ఆ బెదురు పోలేదు వాడికి.

అలాగని 10/22లో తిరకాసు లేదనను. ఏఆర్‌లో ఆఖరి తూటా పేలగానే బోల్ట్ (గొట్టం వెనక భాగాన్ని మూసే ఇనప ముక్క) వెనక్కి ఆగిపోతుంది, ఖాళీ అయిందని చూడగానే తెలుస్తుంది. మామూలు 10/22లో బోల్ట్ ఖాళీ మీద మూసుకుంటుంది, లోపల ఉందో లేదో పైకి తెలీదు, కాబట్టి మ్యాగజైన్ తీసేసి బోల్ట్ వెనక్కి లాగి గొట్టం మొదట్లోకి కంటితో చూసి, వేలితో కూడా తడిమి చూసుకోవడం అలవాటు కావాలి. సెమీ ఆటోలో కొత్తవాళ్లు బోల్తా పడేది కూడా ఇక్కడే, ఒకటి పేలిన మరుక్షణం ఇంకోటి లోపలికి వచ్చి కూర్చుంటుంది, మ్యాగజైన్ ఊడదీసినా ఆ ఒక్కటీ లోపలే ఉంటుంది. అందుకే ఎవరికి నేర్పినా మొదటి పది సార్లు మ్యాగజైన్‌లో ఒక్క రౌండే పెట్టిస్తా. ఇంకోటి, ట్వంటీ టూ చౌక తూటాలు అప్పుడప్పుడు పేలవు, అప్పుడు గబుక్కున తీయకుండా ముక్కు గురి వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగాలి.

ఏఆర్ ఎక్కడ మేలు అంటే, వంద గజాలు దాటాక. ట్వంటీ టూని యాభై గజాలకి గురి సరిచేసి పెడితే వంద గజాల దగ్గర ఆరంగుళాల పైనే కిందకి దిగిపోతుంది, గాలి వీస్తే పక్కకి కూడా పోతుంది. ఏఆర్ రెండొందల గజాలకి కూడా హాయిగా పనిచేస్తుంది. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొట్టీ పొడుగూ చేసుకోవచ్చు కాబట్టి మా ఆవిడకీ నాకూ ఒకటే సరిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఏఆర్ తూటాల్లో 5.56, .223 అని రెండు రకాలుంటాయి, గొట్టం మీద 5.56 అని ఉంటే .223 కూడా వేసుకోవచ్చు, .223 అని మాత్రమే ఉంటే 5.56 వేయకూడదు.

మధ్యలో ఇంకోటుంది, స్మిత్ అండ్ వెసన్ 15-22, చూడటానికి ఏఆర్, మీటలన్నీ ఏఆర్‌వే, తినేది మాత్రం ట్వంటీ టూ. ఏఆర్ మోజు తీరక ట్వంటీ టూ ఒప్పుకోనివాడికి ఇది చెబుతా, సగం మంది ఒప్పుకుంటారు. నాకైతే ప్లాస్టిక్ బొమ్మలా అనిపిస్తుంది, అది నా పైత్యం.

ఇప్పుడు కాల్చేదెక్కడ. ఊళ్లో ఇంటి వెనకాల కుదరదు, అరిజోనాలో ఊరి పరిధిలో నిర్లక్ష్యంగా కాలిస్తే షానన్ చట్టం కింద ఫెలనీ, అంటే పెద్ద నేరం, గాల్లోకి కాల్చిన గుండు ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు కాబట్టి 2000లో తెచ్చారు. మిగిలేవి మూడు.

ఇండోర్ రేంజ్: ఏసీ. జూలైలో 115 ఫారెన్‌హీట్ డిగ్రీలప్పుడు ఈ ఒక్క ముక్క చాలు. కానీ మామూలుగా పాతిక గజాలే, గంట లెక్కన డబ్బు, పైగా పక్క లేన్‌లో ఎవడైనా ఏఆర్ పేలిస్తే నీ ట్వంటీ టూ ప్రశాంతత గోవిందా. స్టీల్ కోర్ (లోపల ఉక్కున్న) తూటాలు రానివ్వరు, కొన్ని చోట్ల కౌంటర్‌లోనే అయస్కాంతం పెట్టి చూస్తారు. లోపల సీసం దుమ్ము ఉంటుంది, ట్వంటీ టూ తూటా అయితే సీసం బయటికే ఉంటుంది, మనమేమో ఇంటికొచ్చి పప్పన్నం చేత్తో కలుపుకునే జాతి, చల్లనీళ్లతో సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కోకుండా కంచం ముందు కూర్చోకండి, ఆ చొక్కాతో పిల్లల్ని ఎత్తుకోకండి.

బెన్ ఏవరీ: ఫీనిక్స్ ఉత్తరాన ఐ-17 హైవే పక్కనున్న ఆరుబయట రేంజ్, రాష్ట్ర గేమ్ అండ్ ఫిష్ శాఖ నడుపుతుంది. నా ఓటు దీనికే. ఫీజు పెద్దగా ఉండదు, నీడ ఉంటుంది, ట్వంటీ టూకీ ఏఆర్‌కీ రెండింటికీ సరిపడా దూరాలున్నాయి, రేంజ్ ఆఫీసర్లు గద్దల్లా చూస్తుంటారు. మైకులో సీజ్‌ఫైర్ అనగానే అందరూ ఖాళీ చేసి బోల్ట్ తెరిచి, గీత వెనక్కి జరగాలి, అప్పుడు తుపాకీ మీద చెయ్యి వేశావా అరుపు వినపడుతుంది. మొదటిసారి నేను కళ్లజోడు తీసుకుందామని బెంచీ వైపు చెయ్యి చాపా, పరువు పోయింది, ఆయన్ని తప్పు పట్టను, జనాలు ముందుకెళ్లి టార్గెట్లు మార్చుకుంటున్నారు మరి.

మూడోది ఎడారి. అరిజోనాలో ఫెడరల్ భూములు బోలెడు, టాంటో నేషనల్ ఫారెస్ట్‌లో గానీ బీఎల్ఎం (ఫెడరల్ భూముల శాఖ) భూముల్లో గానీ మూసేసిన చోట్లు తప్పిస్తే ఫీజు లేకుండా కాల్చుకోవచ్చు. వినడానికి స్వర్గంలా ఉంది కదా, కొత్తవాడికి ఇదే అన్నిటికంటే కష్టం. రేంజ్ ఆఫీసర్ చేసే పనంతా ఇక్కడ నువ్వే చేయాలి. నేషనల్ ఫారెస్ట్‌లో ఇళ్లకీ క్యాంపులకీ 150 గజాల లోపు కాల్చకూడదు, రోడ్డు మీదుగా, నీళ్ల మీదుగా కాల్చకూడదు. గురి వెనకాల మట్టి గుట్ట ఉండాలి, రాతి గుట్ట కాదు, రాయికి తగిలితే గుండు ఎటు తిరిగొస్తుందో చెప్పలేం. ట్వంటీ టూ చిన్నదే కదా అనుకుంటారు, అదే మైలు పైన పోతుంది. సగువారో ముళ్లచెట్టుని కాలిస్తే కేసు. ఎండాకాలం ఫైర్ రిస్ట్రిక్షన్లు ముదిరితే షూటింగే ఆపేస్తారు, ఊరికే కాదు, 2017 ఏప్రిల్‌లో టూసాన్ దక్షిణాన ఒకాయన పుట్టబోయేది బాబో పాపో చెప్పడానికి పేలే టార్గెట్‌ని రైఫిల్‌తో కాల్చి దాదాపు 47 వేల ఎకరాలు తగలబెట్టాడు. పైగా అక్కడ జనం పాత టీవీలూ ఫ్రిజ్‌లూ తెచ్చి కాల్చి వదిలేసి పోతారు, ఆ చెత్త చూస్తే కడుపు మండుతుంది, నేను వెళితే ఒక సంచీ ఎక్కువే మోసుకొస్తా.

అందుకే చోటుని బట్టి రైఫిల్ అంటా నేను. నీకు దగ్గర్లో ఇండోర్ తప్ప గతి లేదంటే ఏఆర్ కొని పాతిక గజాల్లో కాల్చడం హైవే బండి కొని సందులో తిప్పినట్టే, 10/22 తీసుకో. బెన్ ఏవరీ లాంటిది అరగంటలో ఉంటే 10/22తో మొదలెట్టి ఏడాది తర్వాత ఏఆర్ కలుపుకో, నేను అలాగే చేశా, ఇప్పటికీ పది పూటలు వెళితే ఏడు పూటలు ట్వంటీ టూనే బయటికి తీస్తా. ఎడారికే పోతానంటే ఏ రైఫిలైనా సరే, తెలిసినవాడు పక్కన లేకుండా మొదటి ఆరు నెలలు వద్దు.

ఇంట్లో పిల్లలుంటే రైఫిల్ కంటే ముందు లాకర్ కొనండి, తూటాలు వేరే చోట వేరే తాళంలో. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేని రోజులు నడుస్తుంటే ఆ కొన్నాళ్లు తుపాకీ ఇంట్లోనే లేకుండా చూసుకోండి.

ఇంకోటి, రేంజ్‌కి వాడిన బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి వాడొద్దు. శంషాబాద్‌లో లగేజీలో తూటా దొరికిందని కేసు పెట్టిన వార్తలు చూస్తూనే ఉంటాం. నేను నవ్వేవాణ్ని, అంత చూసుకోకుండా ఎలా వెళతారో అని. పోయినేడు మా ఆవిడ వాషింగ్ మెషీన్‌లోంచి బట్టలు తీస్తూ పిలిచింది, వెళ్లి చూస్తే ఆవిడ అరచేతిలో నా జీన్స్ జేబులోంచి జారిన ట్వంటీ టూ రౌండ్లు రెండు, తళతళ మెరుస్తూ. అదే జీన్స్ వేసుకుని ఆ శుక్రవారం మేం హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కాలి.