అర్హత సమయమా, అందరికీ ప్రవేశమా?

పాతికేళ్లు దాటినవారి మాస్టర్స్ ఈత పోటీలకు పేరు ఇవ్వాలనుకుంటున్న కోనసీమ మిత్రులు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు: ఇంత సమయంలో ఈదినట్టు ముందే చూపించమనే పోటీలకు సిద్ధపడాలా, లేక ఎవరు వచ్చినా దిగనిచ్చే పోటీలకు వెళ్లాలా? అయిదేళ్లకొక వయోవర్గం ఉంటుందనీ, వయసును పోటీ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి లెక్కిస్తారనీ వారికి తెలిసిందే కనుక నేరుగా విషయానికి వస్తాను.

అర్హత సమయం పెట్టడంలో న్యాయం లేకపోలేదు. వందమంది 800 మీటర్ల ఫ్రీస్టైల్‌కు పేరిస్తే పొద్దు వాలినా పోటీ తెమలదు. అమెరికా మాస్టర్స్ జాతీయ పోటీల్లో ఈ సమయాలను ఊహించి పెట్టరు. గత పోటీల్లో పదో స్థానంలో నిలిచినవారి సమయాల సగటుకు కొంత శాతం కలిపి, ఒక్కో వయోవర్గానికి ఒక్కో అంకె ప్రకటిస్తారు. తెల్లవారుజామున లేచి నీళ్లలో దిగడానికి అలాంటి అంకె ఒకటి గోడ మీద రాసి ఉండడం ఎంతో సాయం చేస్తుంది.

అయితే నా దృష్టిలో అసలు సంగతి అంకె కాదు, దాన్ని ఎక్కడ కొలిచారన్నది. డెల్టాలో నాలాంటి నడివయసువాళ్లం ఈత నేర్చింది కాలువ రేవుల్లో. మా మిత్రుడొకడు లాకుల దిగువన గట్టు మీద టేపుతో 50 మీటర్లు కొలిచి, వాలునీటికి ఒకసారి, ఎదురీదుతూ ఒకసారి ఈది, పోతూ వస్తూ ప్రవాహం చెల్లుకు చెల్లయిపోతుంది కదా అన్నాడు. చెల్లిపోదు. నిలవనీటిలో సెకనుకు 1 మీటరు ఈదే మనిషికి, సెకనుకు అర మీటరు పారే నీటిలో పోవడానికి 33 సెకన్లు, రావడానికి 100 సెకన్లు పడతాయి. 100 సెకన్లలో ముగియవలసిన ఈత 133కి చేరుతుంది. గజ ఈతగాడని ఊరంతా చెప్పుకునేవాడు కాగితం మీద తనను తానే అర నిమిషానికి పైగా వెనక్కి నెట్టుకున్నాడు.

పోనీ ఈత కొలనుకు వెళ్దామంటే అక్కడ మరో చిక్కు. నేను సాధన చేసే కొలను 25 మీటర్లది. అందులో 100 మీటర్లకు మూడు టర్న్‌లు, అంటే గోడ దగ్గర వెనుదిరగడాలు, 50 మీటర్ల కొలనులో ఒక్కటే. గోడను తన్నినప్పుడల్లా వచ్చే ఊపు వల్ల, టర్న్ తెలిసినవాడికి చిన్న కొలనులో సమయం తగ్గుతుంది. అందుకే అక్కడి సమయం పెద్ద కొలను అర్హతకు నేరుగా పనికిరాదు. నాకైతే ఆ లాభమూ దక్కలేదు. కాలువకు గోడ ఉండదు కనుక, మొదటి ఆరు నెలలూ అంచు దగ్గరికి రాగానే చేత్తో పట్టుకుని, తల ఎత్తి, ఊపిరి పీల్చుకుని మరీ తిరిగేవాణ్ని. ఇక కాలువనే నమ్ముకున్నవాళ్లకు వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తే ఆ సాధన కూడా ఆగిపోతుంది. ఇలాంటి చోట అర్హత సమయం అడగడమంటే, మనిషి ఈతకన్నా ముందు అతనికి అందుబాటులో ఉన్న కొలనును కొలవడమే.

అందుకే మొదటిసారి వెళ్లేవారు అందరికీ ప్రవేశమిచ్చే పోటీలకే వెళ్లాలంటాను. అయినా నాకు నచ్చినది ఈ రెండూ కలిసిన పద్ధతి: అమెరికా జాతీయ పోటీల్లో మూడు అంశాల (50 మీటర్ల ఫ్రీస్టైల్ ఒక అంశం, 100 మీటర్లది మరొకటి) వరకు అర్హత సమయం లేకుండానే దిగనిస్తారు, నాలుగో అంశం నుంచి మాత్రం ఆ సమయం ఉండాలంటారు. కొత్తవాడు గుమ్మంలోనే ఆగిపోడు, రోజంతా కొలనును తానే ఆక్రమించనూ లేడు.

ఇక కొలనులో కాక నదిలోనో, సముద్రంలోనో ఈదే 3 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ ఈత సంగతి. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు ఇది సహజంగా తోచవచ్చు, ప్రవాహం అందరికీ ఒకటే కూడా. కానీ దానికి కావలసిన ఓపిక వేరు, దాన్ని వీటితో పోల్చలేం.

ఈ ఏడాది అర్హత అడగని పోటీలోనే 50, 100 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌కు పేరిచ్చాను. 200 మీటర్లకు మాత్రం ఒక అర్హత సమయాన్ని గోడ మీద రాసుకున్నాను. దాన్ని అందుకోవడానికి ఇంకా 11 సెకన్లు తగ్గించాలి.