హ్యామ్‌స్టర్ కేజ్ "మూడు అడుగులు" అంటే నమ్మి డబ్బు పంపకండి, ముందు నేల కొలత అడగండి

హైదరాబాద్‌లో హ్యామ్‌స్టర్ (ఎలుక లాంటి చిన్న పెంపుడు జంతువు) కేజ్ కొనబోతున్న వాళ్ళు ఇది చదివాకే డబ్బు పంపండి. ఇప్పుడే షాపు నుంచి తిరిగొచ్చాను, ఒళ్ళు మండిపోతోంది. షాపు పేరు రాయడం లేదు. ఫోన్‌లో ఫొటోలు చూపించి, ముందే డబ్బు వేయించుకుని, బైక్ మీద కుర్రాడితో డబ్బా పంపే రకం అని చెబితే మీకే అర్థమవుతుంది.

సిరియన్ అనే పెద్ద రకం హ్యామ్‌స్టర్‌కి మూడడుగుల కేజ్ కావాలని అడిగాను. "మూడు అడుగులు ఉంటదన్నా, ఫుల్ సెట్టు, వీల్, సీసా, ఇల్లు అన్నీ దాంట్లనే" అన్నారు. 4,200 రూపాయలు పంపాను. డబ్బా విప్పి టేపు పెడితే నేల పొడవు 47 సెంటీమీటర్లు, వెడల్పు 30. అంటే అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. పైన ఇంకో అంతస్తు. వెంటనే అలాగే పట్టుకెళ్ళి కౌంటర్ మీద పెట్టి, మూడు అడుగులు ఎక్కడున్నాయో చూపించమన్నాను. షాపాయన టేపు ముట్టుకోలేదు.

"కింద ఒకటిన్నర, మీద ఒకటిన్నర. కలిపితే మూడు అయితలేదా అన్నా?"

తడబడలేదు, గొంతు తగ్గించలేదు. రోజూ పది మందికి చెప్పే లెక్క చెప్పినట్టే చెప్పాడు. పొడవును పొడవుతో మెట్లెక్కించి కూడేశాడు! అలాగైతే నాలుగంతస్తుల కేజ్ ఆరడుగులవుతుంది. అందులో హ్యామ్‌స్టర్ మాత్రం అడుగున్నర పరిగెత్తి గోడకు ముక్కు తగిలించుకుని వెనక్కి తిరగాల్సిందే. నేను వాదిస్తుంటే ఇంకో మాట అన్నాడు. "ఎలుకకు ఇంతకంటె పెద్ద ఇల్లు ఎందుకన్నా? సచ్చిపోతే ఇంకోటి తీస్కపో, నాలుగు నూర్లే." పక్కనే ఒక నాన్న ఎనిమిదేళ్ళుండే కూతుర్ని తీసుకుని హ్యామ్‌స్టర్ కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. ఆ పాప ఆ మాట విని నాన్న చెయ్యి పట్టుకుంది. నాలుగు వేలు పోయినందుకంటే దానికే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

తప్పు నాదీ ఉంది, ఒప్పుకుంటాను. ఏళ్ళ తరబడి వీటిని పెంచుతున్నాను, కొత్తవాళ్ళకు కొలతలు నేనే చెబుతుంటాను. అలాంటి నేను నేల మీద టేపు పెట్టి తీసిన ఫొటో ఒక్కటి అడగకుండా డబ్బు పంపాను. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

కొలత గురించి ఇంత గొడవ ఎందుకో కొత్తవాళ్ళకు చెప్పాలి. హ్యామ్‌స్టర్‌కి లెక్కలోకి వచ్చేది అడ్డులేకుండా ఒకే మట్టంలో ఉన్న నేల మాత్రమే. ఇది ఉడతలా చెట్లెక్కే జంతువు కాదు. సిరియన్ రకం సిరియాలో అలెప్పో నగరం చుట్టుపక్కల పొలాల్లో పుట్టి, నేల మీద పరిగెత్తి, నేలలోకి తవ్వుకుని బతికే జీవి. అక్కడ వీటి బొరియలు కొలిచి చూస్తే సగటున 65 సెం.మీ. లోతు ఉన్నాయి. జర్మనీలో జంతు సంక్షేమం చూసే పశువైద్యుల సంఘం చెప్పే కనీస కొలత పొడవు 100, వెడల్పు 50, ఎత్తు 50 సెం.మీ. అంటే నేల 5,000 చదరపు సెం.మీ. నాకు అంటగట్టిన దాని నేల 1,410. మూడో వంతు కూడా లేదు. పై అంతస్తును కలిపినా 3,000 దాటదు, అసలు కలపకూడదు.

ఈ రెండంతస్తుల కేజ్‌లలో కొలత ఒక్కటే తప్పు కాదు, ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొస్తాయి. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య 18, 20 సెం.మీ. ఎత్తే ఉంటుంది. కాబట్టి అందులో పెద్ద వీల్, అంటే అది లోపల పరిగెత్తే చక్రం, పట్టదు. అందుకే వాళ్ళు 12 సెం.మీ. వీల్ ఇస్తారు. సిరియన్‌కి కావలసింది 28 సెం.మీ. వీల్, రోబో, వింటర్ వైట్ లాంటి డ్వార్ఫ్‌లకు (చిన్న రకం హ్యామ్‌స్టర్‌లకు) 20. సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. పరిగెత్తేటప్పుడు పక్క నుంచి చూడండి, వెన్ను తిన్నగా ఉండాలి. తల పైకి లేచి వీపు విల్లులా వంగితే వీల్ చిన్నదని అర్థం. ఇది రాత్రంతా కిలోమీటర్ల కొద్దీ పరిగెత్తే జంతువు, రోజూ అలా వంగి పరిగెడితే వెన్నెముక ఏమవుతుందో ఆలోచించండి. తీగలతో చేసిన వీల్ అసలు వద్దు. తీగల మధ్య కాలు జారి ఇరుక్కుంటుంది, వీల్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎముక విరుగుతుంది. విరగకపోయినా అరికాళ్ళు ఒరుసుకుని పుండ్లు పడతాయి. పరిగెత్తే చోట ఖాళీల్లేని గట్టి పట్టీ ఉన్నదే కొనండి. పై అంతస్తుకు వేసే తీగ నిచ్చెన, జాలీ నేల కూడా ఇలాంటివే. హ్యామ్‌స్టర్‌కి కంటిచూపు మందం, ఎత్తు అంచనా వేయలేదు. పై నుంచి తిన్నగా కిందికి అడుగేసేస్తుంది.

తర్వాత ట్రే. కేజ్ కింద ఉండే ప్లాస్టిక్ ట్రే లోతు చూడకుండా కొనేవాళ్ళే ఎక్కువ. నాకు వచ్చినదాని ట్రే 8 సెం.మీ. అందులో ఐదారు సెం.మీ. బెడ్డింగ్ (నేల మీద పరిచే పొట్టు, కాగితం ముక్కలు) పోస్తే తవ్వడానికి ఏమీ ఉండదు, తవ్వబోతే అంతా కడ్డీల్లోంచి గది నేల మీద పడుతుంది. కనీసం 20 సెం.మీ. లోతు కావాలి, ఒక మూలనైనా 30 ఉంటే ఇంకా మంచిది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యూనివర్సిటీ వాళ్ళు 2006లో 10, 40, 80 సెం.మీ. బెడ్డింగ్ వేసి సిరియన్‌లను పెంచి చూశారు. 10 సెం.మీ. వాటిలోనివి కడ్డీలు కొరకడం ఎక్కువ, 80 వాటిలోనివి కొరకనే లేదు. మీ హ్యామ్‌స్టర్ రాత్రి టకటకా కడ్డీలు కొరుకుతుంటే పళ్ళు అరగదీసుకుంటోందని షాపువాళ్ళు చెబుతారు, నమ్మకండి. ఇరుకు భరించలేకే కొరుకుతుంది. కొరికి కొరికి ముక్కు మీద వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడుతుంది, పళ్ళు వంకరపోతాయి. కడ్డీల రంగు పెచ్చులు కడుపులోకి పోతాయి.

బెడ్డింగ్ లెక్క కూడా ఇక్కడే రాస్తున్నాను. 100 × 50 నేల మీద 20 సెం.మీ. లోతు అంటే సరిగ్గా 100 లీటర్లు. కేజ్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ఒక మూలకు కూడా రాదు. పేపర్ బెడ్డింగ్ గానీ ఆస్పెన్ చెక్క పొట్టు గానీ తీసుకుని, మధ్య మధ్యలో ఎండుగడ్డి పొరలు వేసి, చేత్తో గట్టిగా అదమండి. అదమకపోతే సొరంగం నిలవదు. వడ్రంగి షాపు దగ్గర సంచి నింపుకొచ్చే రంపపు పొట్టు వద్దు. అందులో ప్లైవుడ్ జిగురు, పాలిష్, సన్నటి దుమ్ము అన్నీ ఉంటాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి. ఘాటు వాసనొచ్చే దేవదారు పొట్టు కూడా అంతే. గూడు కోసమని రంగురంగుల దూది ఇస్తారు చూడండి, దాన్ని ఇంటికి తేవద్దు. పోగులు కాలికి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. వాసన లేని తెల్ల టిష్యూ చింపి వేస్తే చాలు, గూడు అదే కట్టుకుంటుంది.

కడ్డీల మధ్య ఖాళీ సిరియన్‌కి ఒక సెం.మీ. దాటకుండా చూసుకోండి. డ్వార్ఫ్‌కి అయితే మామూలు పెన్సిల్ సులువుగా దూరిందంటే అదీ దూరుతుంది. ఖాళీని మధ్యలో కొలిచి ఊరుకోకండి, తలుపు పక్కన, మూలల్లో, ట్రేకి కడ్డీల ఫ్రేము కలిసేచోట ఎక్కువ ఉంటుంది. రెండు కడ్డీలను వేళ్ళతో విడదీసి చూడండి, వంగిపోతే ఆ కేజ్ పక్కన పెట్టేయండి. పైకి లాగే తలుపును హ్యామ్‌స్టర్ పళ్ళతో ఎత్తేస్తుంది. క్లిప్పు బిగించకుండా వదలొద్దు.

రెండంతస్తులు కదా, జత తీస్కపో అని కూడా అంటారు. సిరియన్‌లు ఒకే కేజ్‌లో రెండు బతకవు. పిల్లలుగా ఉన్నప్పుడు కలిసి పడుకున్నా, ఆరేడు వారాలు దాటాక కొట్టుకుంటాయి, ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. ఒక కేజ్‌కి ఒకటే.

ఇక ఎండ సంగతి. మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది. హ్యామ్‌స్టర్‌కి 18 నుంచి 24 డిగ్రీలు హాయి, 30 దాటితే ప్రమాదం మొదలవుతుంది. కేజ్‌ను బాల్కనీలో, కిటికీ ఎండ పడేచోట పెట్టొద్దు. గాజు ట్యాంకు అయితే ఎండ తగిలిన పావుగంటలో లోపల పొయ్యిలా అవుతుంది. ఇంట్లో చల్లటి గదిలో, నేలకు దగ్గరగా పెట్టి, లోపల ఒక సెరామిక్ టైల్ ముక్క ఉంచండి, దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. లోతైన బెడ్డింగ్ ఇక్కడ కూడా ఉపయోగమే, కిందికి తవ్వుకుపోతే చల్లగా ఉంటుంది. ఫ్యాన్, కూలర్ గాలి నేరుగా కొట్టకూడదు.

మరి ఏం కొనాలంటారా? నన్నడిగితే షాపు కేజ్‌ల జోలికి పోవద్దు. ఫిష్ ట్యాంకులు కట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి 40 అంగుళాల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు కట్టమనండి. రెడీగా ఉన్న మూడడుగుల ట్యాంకు చూపిస్తారు. అది సాధారణంగా 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు ఉంటుంది, నేల 4,200 చదరపు సెం.మీ. దాటదు, కాబట్టి నలభయ్యే అడగండి. నీళ్ళు పోయడం లేదని ముందే చెప్పండి. నీటి ఒత్తిడి ఉండదు కాబట్టి 5 మి.మీ. గాజు సరిపోతుంది, ధరా తగ్గుతుంది. అయినా 25 కిలోలు దాటుతుంది, స్టాండ్ గట్టిదై ఉండాలి. పై అంచులు అరగదీయించుకోండి. మూతకు గాజు పెట్టించొద్దు, గాలి ఆడదు. చెక్క ఫ్రేముకు రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే సన్న కన్నుల ఇనుప జాలీ కొట్టించి, నాలుగు మూలలా క్లిప్పులు పెట్టించండి. ఎత్తు 20 అంగుళాలు ఎందుకంటే 20 సెం.మీ. బెడ్డింగ్ పైన 28 సెం.మీ. వీల్ నిలబడాలి. ఆ రెండూ కలిస్తేనే 48 అయింది. వీల్‌ను నేరుగా బెడ్డింగ్ మీద పెడితే కింద తవ్వి పడేసుకుంటుంది, కాళ్ళున్న చిన్న చెక్క పీట వేసి దాని మీద పెట్టండి. జాలీకి తగిలేలా ఉంటే వీల్ ఉన్న వైపు మాత్రం బెడ్డింగ్ కాస్త తగ్గించండి.

డబ్బు సంగతికొస్తే, నాకు తిరిగి ఇవ్వలేదు. చీటీ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న ముద్ర చూపించాడు. ఆ ముద్ర చూసి మీరు వెనక్కి వచ్చేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపల, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపల వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. "మూడు అడుగులు" అని ఆయన పంపిన మెసేజ్, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, నేల మీద టేపు పెట్టి తీసిన ఫొటో, మూడూ దాచుకున్నాను. మీరూ మాట్లాడుకున్న కొలత మెసేజ్‌లోనే రాయించుకోండి, ఫోన్‌లో చెప్పింది మిగలదు. "లోపలి నేల పొడవు, వెడల్పు, ట్రే లోతు సెంటీమీటర్లలో" అని ఇవే మాటలతో అడగండి. వీడియోలో టేపు పెట్టి చూపించమంటే ఫోన్ పెట్టేసేవాడి దగ్గర కొనకండి.

ఇప్పటికే ఇలాంటి కేజ్‌లో పెంచుతున్నవాళ్ళు కంగారుపడి రాత్రికి రాత్రే మార్చేయకండి. ముందు తీగ నిచ్చెన, జాలీ అంతస్తు తీసేయండి, ఈరోజే. ట్యాంకు తయారై వచ్చాక పాత బెడ్డింగ్‌లో శుభ్రంగా ఉన్న రెండు మూడు గుప్పెళ్ళు, దాని గూడు ఉన్నదున్నట్టు కొత్తదాంట్లో పెట్టండి. తన వాసన దొరక్కపోతే రెండు రోజులు అటూఇటూ తిరుగుతూ తిండి మానేస్తుంది. మొదటి వారం మూత్రం పోసిన మూల తప్ప ఇంకేదీ కదపొద్దు.

ఆ పాప వాళ్ళ నాన్న నాతో పాటే బయటికి వచ్చేశాడు. షాపు బయట బండి మీద ఈ కొలతలే ఒక కాగితం మీద రాసిచ్చాను.