ఎంవీపీ కాలనీలో కౌన్సెలింగ్: 14 సెషన్ల తర్వాత రాస్తున్నాను

మాది విశాఖలో గాజువాక. నాకు 41 ఏళ్లు. చిన్నప్పుడు నాన్న బి షిఫ్ట్ దిగి రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చేవారు. వీధి మలుపులో స్కూటర్ చప్పుడుని బట్టే ఆ రాత్రి బెల్టు తీస్తారో లేదో నాకూ తమ్ముడికీ తెలిసిపోయేది. నాన్న పోయి ఏడేళ్లయింది. ఇప్పటికీ రాత్రిపూట ఎవరి స్కూటరైనా మా గేటు ముందు ఆగితే నా అరచేతులు చల్లబడిపోతాయి.

నిరుడు మా బాబు పాలగ్లాసు ఒలకబోశాడు. నేను చెయ్యెత్తాను. వాడు కళ్లు గట్టిగా మూసుకుని తల భుజాల్లోకి ముడుచుకున్నాడు. అచ్చం చిన్నప్పటి నాలాగే. ఆ వారమే ఎంవీపీ కాలనీలోని ఈ కౌన్సెలింగ్ సెంటర్‌కి ఫోన్ చేశాను.

అంతకు ముందు ఇంకోచోటికి వెళ్లాను, పేరు రాయను. పావుగంట విని, "మీ మంచికే కొట్టారమ్మా, క్షమించేయండి" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు ఎవరి గడపా తొక్కలేదు.

ఇక్కడ కౌన్సెలింగ్ చేసే మేడం మొదటిరోజు ఏమీ చెప్పమనలేదు. "ఎక్కడ కూర్చుంటారు?" అనడిగారు. తలుపు కనబడే కుర్చీ చూపించాను. "ఇకనుంచి అది మీదే" అన్నారు. మొదటి మూడు సెషన్లూ ఇంతే: పాదాలు నేలకి ఆనించి బరువు గమనించడం, గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం, ఊపిరి నిదానంగా వదలడం. డబ్బు దండగ అనుకున్నాను. ఆరో సెషన్లో బెల్టు మాటెత్తగానే ఒళ్లంతా వణికిపోయింది. అప్పుడు నన్ను నిలబెట్టింది ఆ నేలా, ఆ పాదాలే. పాత దెబ్బ గుర్తొస్తే ఒంటికి అది ఇప్పుడే తగులుతున్నట్టు ఉంటుందనీ, ముందు ఒంటిని ఈరోజులోకి తెచ్చుకోవాలనీ మేడం చెప్పింది అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

తర్వాత ఈఎండీఆర్, అంటే బాధపెట్టే జ్ఞాపకాల పట్టు తగ్గించడానికి కళ్ల కదలికలతో చేసే చికిత్స. ఒక జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, అటూ ఇటూ కదిలే ఆవిడ వేళ్లని కళ్లతో వెంబడించాలి. ఇదేదో హిప్నాటిజమేమోనని మా ఆయన భయపడ్డారు. పూర్తి మెలకువలోనే ఉంటాం, వద్దనుకుంటే చెయ్యి చూపి ఆపేయొచ్చు. ఫ్రాన్సీన్ షపీరో అనే అమెరికా సైకాలజిస్టు 1987లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసిందని చూపించాక ఆయన కుదుటపడ్డారు. బెల్టు జ్ఞాపకం పోలేదు, కాస్త దూరం జరిగింది. నాన్నని క్షమించారా అని మేడం ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఇన్ని నెలలు వెళ్లగలిగాను.

50 నిమిషాలకి 1200 రూపాయలు, నాకు భారమే. మేడమీద గది, లిఫ్టు లేదు. రిసెప్షన్లో పేరు గట్టిగా పిలిచేవారు. నాకు ఇబ్బందిగా ఉందని చెప్పాక మానేశారు. మొదటి అపాయింట్‌మెంట్ దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో రెండు రాత్రులు 14416కి చేశాను. అది టెలిమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఫీజు పెట్టుకోలేనివాళ్లు అక్కడ మొదలుపెట్టండి.

సెషన్ అయ్యాక నేరుగా ఇంటికి పోకండి. నేను లాసన్స్ బే ఒడ్డున అరగంట కూర్చుని, ఆ తర్వాతే మద్దిలపాలెం వెళ్లి బస్సెక్కుతాను.

మొన్న తమ్ముడికి వాళ్ల నంబరు పంపాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకటే అడిగాడు: "కూర్చున్నచోటి నుంచి తలుపు కనబడుతుందా అక్కా?"