మా బడిలోని ప్రతిభా విభాగం: వడపోతకు మంచి మార్కులు, వడ్డనకు తక్కువ

మా పిల్లలిద్దరూ చదువుతున్న బడిలో అయిదేళ్లుగా ప్రతిభావంతుల కోసం ప్రత్యేక విభాగం ఒకటి నడుస్తోంది. మా అమ్మాయి అందులో నాలుగేళ్లుగా ఉంది, అబ్బాయి నిరుడు చేరాడు. ఒకే ఇంటి పిల్లలు రెండు వేర్వేరు దారుల్లో అక్కడికి చేరడం వల్ల, ఎంపిక ఎలా జరుగుతుందో, ఎంపికైన తర్వాత ఏం దొరుకుతుందో విడివిడిగా చూసే అవకాశం నాకు కలిగింది. అయిదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. అందులో రెండు ఇప్పటి ఎంపిక పద్ధతికి, మిగిలిన ఒక్కటి ఒక గణిత ఉపాధ్యాయురాలికి.

అమ్మాయి చేరిన నాటికి ఎంపిక రెండు అంచెల్లో జరిగేది. తరగతి ఉపాధ్యాయులు తమకు చురుకైనవారని తోచిన పిల్లల పేర్లు రాసి ఇచ్చేవారు. ఆ పేర్లున్నవారికే తెలివితేటలను కొలిచే ఐక్యూ పరీక్ష పెట్టేవారు. మా అమ్మాయి ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తే రకం, చేతిరాత కూడా ముచ్చటగా ఉంటుంది కాబట్టి ఆమె పేరు మొదటి జాబితాలోనే వచ్చింది. రెండేళ్ల తర్వాత తమ్ముడు అదే తరగతికి వచ్చినప్పుడు వాడి పేరు ఎవరూ రాయలేదు. నాలుగు వాక్యాలు రాస్తే ఆరు అక్షరదోషాలు చేసే పిల్లవాణ్ని, పాఠం జరుగుతుంటే కిటికీలోంచి చూసే పిల్లవాణ్ని ప్రతిభావంతుడని ఎవరనుకుంటారు? ఉపాధ్యాయురాలిని తప్పుపట్టే ముందు నా సంగతీ ఒప్పుకోవాలి. 1, 3, 5 అంటూ బేసి సంఖ్యలను వరుసగా ఎక్కడిదాకా కూడినా మొత్తాన్ని ఒక నిండు చతురస్రంగా పేర్చవచ్చని వాడు నేల మీది పలకలు లెక్కపెడుతూ తనంతట తానే కనిపెట్టి చెప్పిన రోజున, ముందు హోంవర్క్ పూర్తిచేయమని కసిరిన దాన్ని నేను.

ఉపాధ్యాయుల సిఫారసు మీద ఆధారపడడంలోని లోపం కొత్తది కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లూయిస్ టెర్మన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1921లో మొదలుపెట్టిన సుప్రసిద్ధ అధ్యయనంలోనూ ప్రధానంగా ఉపాధ్యాయులు సూచించిన పిల్లలనే పరీక్షించి, సుమారు 1,500 మందిని ఎంచుకుని, దశాబ్దాల తరబడి వారి జీవితాలను గమనించారు. అక్కడ పరీక్ష రాసి కూడా అర్హత మార్కు అందుకోలేకపోయిన వారిలో విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ ఉన్నారు. మొదటివారికి 1956లో, రెండోవారికి 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఎంపికైన పిల్లల్లో ఒక్కరికీ రాలేదు. అంటే పేరు రాయడంలోనే కాదు, పరీక్షలోనూ జల్లెడకు కన్నాలు ఉంటాయన్నమాట. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెతను నమ్ముకుని ఎంపిక చేస్తే, ఆలస్యంగా విచ్చుకునేవీ, విచ్చుకున్నా వాసన మనకు తెలియనివీ మిగిలిపోతాయి.

నిరుడు బడి ఈ పద్ధతిని మార్చింది. సిఫారసుతో నిమిత్తం లేకుండా తరగతిలోని ప్రతి ఒక్కరికీ ప్రాథమిక పరీక్ష పెట్టారు. అందులో ఒక భాగం మాటలతో పనిలేనిది. బొమ్మల వరుసలో ఖాళీగా వదిలిన చోట ఏది సరిపోతుందో గుర్తించాలి. 1938లో జాన్ రావెన్ ప్రచురించిన పరీక్షల తరహా అది. మా వాడికి ఆ భాగంలో 98వ పర్సంటైల్ వచ్చింది, అంటే నూటికి 98 మంది కంటే బాగా చేశాడన్నమాట. అందరినీ పరీక్షించడం ఖర్చుతో కూడిన పని అయినా దాని ఫలితం ఎంత పెద్దదో తెలిపే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవర్డ్ జిల్లా 2005లో రెండో తరగతి పిల్లలందరికీ ఇటువంటి పరీక్ష పెట్టడం మొదలుపెట్టాక, అప్పటిదాకా ఎవరి కంటా పడని పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలు ఎంపిక కావడం బాగా పెరిగిందని ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో చూపించారు.

అర్హత మార్కు విషయంలోనూ ఈ బడి వివేకంగా వ్యవహరిస్తోంది. సగటు 100గా లెక్కించే ఐక్యూ కొలమానంలో 130, ఆపైన వచ్చేవారు నూటికి ఇద్దరికి కాస్త ఎక్కువగా ఉంటారు. అయితే ఒకే పిల్లవాడు రెండు వేర్వేరు రోజుల్లో రాస్తే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ కావడం సహజం కనుక, 129కీ 131కీ మధ్య గోడ కట్టడంలో అర్థం లేదు. ఇక్కడ గీతకు కొంచెం దిగువన ఆగినవారి నోటుపుస్తకాలను తెప్పించి చూస్తారు, మరుసటి ఏడాది మళ్లీ పరీక్ష రాయనిస్తారు. పరీక్షకు ముందు నమూనా ప్రశ్నల పుస్తకాలతో నెలల తరబడి పిల్లలను తోమే తల్లిదండ్రులకు మాత్రం ఏ పద్ధతిలోనూ మందు లేదు.

ఇంత జాగ్రత్తగా ఏరిన పిల్లలకు ఇచ్చేదేమిటని అడిగితే మాత్రం నిరాశే మిగులుతుంది. వారానికి ఒక మధ్యాహ్నం వారిని తరగతి నుంచి వేరే గదికి తీసుకువెళ్లి ప్రాజెక్టులు చేయిస్తారు. నాలుగేళ్లలో మా అమ్మాయి అగ్నిపర్వతం నమూనా రెండుసార్లు, సౌరకుటుంబం చార్టు మూడుసార్లు చేసింది. అవి చెడ్డ పనులు కావు, కానీ తరగతిలోని ఏ పిల్లలైనా ఇష్టంగా చేయగలిగినవే. అలాంటప్పుడు వాటికి ఎంపిక పరీక్ష ఎందుకు? పైగా ఆ మధ్యాహ్నం తరగతిలో జరిగిన రాతపనిని మరునాటికి ఇంట్లో పూర్తిచేసి తీసుకురావాలి. చురుకుగా ఉన్నందుకు రెట్టింపు పని చేయించడాన్ని సేవ అనలేము. వారంలో మిగిలిన సమయమంతా ఆ పిల్లలు తమకు ఎప్పుడో వచ్చేసిన పాఠాలనే మళ్లీ వింటూ కూర్చుంటారు.

నేను మార్కు ఇచ్చిన గణిత ఉపాధ్యాయురాలు ఈ విభాగానికి చెందినవారు కారు, మామూలు తరగతికే చెబుతారు. ఆమె ప్రతి పాఠానికి ముందు ఆ పాఠం చివరి పరీక్షనే ఇచ్చి, ఇప్పటికే వచ్చినవారికి ఆ అభ్యాసాలు మినహాయించి, అదే అంశంలో లోతైన లెక్కలు ఇస్తారు. బేసి సంఖ్యల సంగతి మా వాడు ఆమెకు చెప్పినప్పుడు, అది ఎప్పటికీ నిజమేనని ఎలా తెలుసునని అడిగి, వారం గడువు ఇచ్చారు. వాడు చతురస్రం చుట్టూ రెండు వైపులా ఒక్కో వరుస చేర్చుకుంటూ పోయే బొమ్మ గీసి చూపించాడు. ఇలా పాఠ్యాంశాలను కుదించే పద్ధతిని జోసెఫ్ రెంజుల్లి వంటి విద్యావేత్తలు 1970ల నుంచే ప్రచారం చేస్తున్నారు. సమర్థులైన పిల్లలకు సుమారు 40 నుంచి 50 శాతం పాఠాన్ని తగ్గించినా పరీక్షా ఫలితాలు తగ్గలేదని 1990లలో అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. ప్రత్యేక గది, ప్రత్యేక బడ్జెట్ లేకుండా జరిగే ఈ పని విభాగం కరపత్రంలో ఎక్కడా కనిపించదు.

డబుల్ ప్రమోషన్ గురించి అడిగితే, పిల్లలు మానసికంగా నలిగిపోతారంటూ బడి ఒక్క మాటతో తోసిపుచ్చుతుంది. జాగ్రత్తగా ఎంచిన పిల్లలు పైతరగతిలో చదువులో నిలదొక్కుకుంటారనీ, వారి మనసుకు పెద్దగా హాని జరగదనీ దశాబ్దాల పరిశోధన చెబుతోంది. ప్రతి ఒక్కరినీ పంపమని నేను అనను. ఒక్కొక్కరి విషయం విడిగా పరిశీలించమంటాను. అంతకంటే బాధ కలిగించేది మా వాడి రాత సంగతి. ఆలోచనలో ముందుండి రాతలో వెనుకబడిన పిల్లలు ఉంటారని ఈ విభాగం ఇంకా గుర్తించినట్టు లేదు. ప్రతిభ ఉన్నవాడికి సహాయమెందుకని ఒకరు, రాయలేనివాడికి ప్రతిభ ఏమిటని మరొకరు అన్నారు. వాడికి రాత నేర్పే ఏర్పాటు చివరికి మేమే చూసుకున్నాం.

దరఖాస్తు పెట్టదలచిన తల్లిదండ్రులు పరీక్ష ఎలా ఉంటుందని అడగడంతో ఆగకండి. పాఠం ముందే వచ్చేసిన పిల్లలు మామూలు రోజున గణితం పీరియడ్‌లో ఏం చేస్తారో చెప్పమని అడగండి, వీలైతే ఆ పీరియడ్‌లో వెనక బెంచీలో కూర్చుని చూడటానికి అనుమతి కోరండి. మాకు రెండో ఏడాదిలో ఆ అనుమతి ఇచ్చారు. అమ్మాయి ఆ నలభై నిమిషాల్లో పుస్తకం అంచు నిండా చేపల బొమ్మలు వేసింది.