టైనీఎస్ఏ అల్ట్రా: ఛాంబర్ బుక్ చేసే ముందు బల్ల మీద ఉండాల్సిన డబ్బా

బెంగళూరులో బ్లూటూత్, లోరా (తక్కువ పవర్‌తో చాలా దూరం వెళ్లే రేడియో) బోర్డులు చేసే చిన్న కంపెనీలకు ల్యాబ్‌లో ఛాంబర్ (బయటి సిగ్నళ్లు రాని కొలతల గది) గంటల లెక్కన దొరుకుతుంది. రెండో హార్మోనిక్ (పంపే ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర పుట్టే అనవసర సిగ్నల్) దగ్గర ఫెయిలైతే ఆ గంటలు దండగ, పైగా మళ్లీ స్లాట్ కోసం ఎదురుచూపు. ఇలాంటి తప్పుల్ని ముందే పట్టుకోవడానికి ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే అరచేతి సైజు స్పెక్ట్రమ్ అనలైజర్ టైనీఎస్ఏ అల్ట్రా చాలు. సర్టిఫికెట్‌కి మాత్రం దీని రీడింగ్ ఎక్కడా చెల్లదు.

మామూలుగా ఇది 100 కిలోహెర్ట్జ్ నుంచి 800 మెగాహెర్ట్జ్ దాకా చూస్తుంది. అల్ట్రా మోడ్ ఆన్ చేస్తే 6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఆ మోడ్ తాళం వేసి వస్తుంది, కోడ్ 4321. కొనగానే కాల్ (కాలిబ్రేషన్) పోర్టు నుంచి ఆర్ఎఫ్ పోర్టుకి కేబుల్ పెట్టి సెల్ఫ్ టెస్ట్ నడపండి. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి. టైనీఎస్ఏ వికీలో ఉన్న అమ్మకందారుల దగ్గరే తీసుకోవడం మంచిది.

అసలు విలువ హార్మోనిక్స్ దగ్గర. బ్లూటూత్ లో-ఎనర్జీ (బీఎల్ఈ, తక్కువ కరెంటు వాడే బ్లూటూత్ రకం) 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది కాబట్టి రెండో హార్మోనిక్ 4804–4960లో పడుతుంది. యూరప్‌కి ఈఎన్ 300 328 ప్రమాణం ప్రకారం అక్కడ హద్దు −30 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్ లెక్క). అమెరికాలో 4.5–5.15 గిగాహెర్ట్జ్ నిషిద్ధ బ్యాండ్, అంటే అనవసర సిగ్నళ్లకు గట్టి హద్దు ఉన్న చోటు. అక్కడి హద్దు 3 మీటర్ల దూరంలో 54 డీబీ మైక్రోవోల్ట్ పర్ మీటర్, అంటే సుమారు −41.2 డీబీఎం. యూరప్‌లో హాయిగా పాసైన బోర్డు ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో నియంత్రణ సంస్థ) దగ్గర బోర్లా పడేది ఈ 11 డీబీ తేడాతోనే. కేబుల్ మీద కొలిస్తే కనీసం 2 డీబీఐ యాంటెన్నా గెయిన్ (యాంటెన్నా ఒక దిక్కున పెంచే బలం) కలపాలి, అంటే కేబుల్ మీద హద్దు −43 అవుతుంది. టైనీఎస్ఏ రెండు మూడు డీబీ తప్పు చూపించొచ్చు కనుక −48 కింద ఉంటేనే ల్యాబ్‌కి ఫోన్ చేయండి.

కొలిచే పద్ధతి: యాంటెన్నా మ్యాచింగ్ తర్వాత పిగ్‌టెయిల్ (కనెక్టర్ ఉన్న పొట్టి కేబుల్) సోల్డర్ చేసి, 20 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే ముక్క) తగిలించి, ఫర్మ్‌వేర్‌తో మాడ్యులేషన్ లేని నిరంతర క్యారియర్ పంపండి. ఆర్‌బీడబ్ల్యూ (ఒక్కోసారి చూసే ఫ్రీక్వెన్సీ కిటికీ వెడల్పు) 10 కిలోహెర్ట్జ్. మామూలు అడ్వర్టైజింగ్ ప్యాకెట్ల మీద కొలవబోతే ఏమీ తేలదు. ప్యాకెట్ ఒక మిల్లీసెకను కూడా ఉండదు, స్వీప్ దాన్ని దాటేస్తుంది.

ఇక్కడే పెద్ద మోసం ఉంది. ఇన్‌పుట్ ఎక్కువైతే టైనీఎస్ఏ తానే హార్మోనిక్ పుట్టించి మీ బోర్డు మీద నెడుతుంది. ఇంకో 10 డీబీ అటెన్యుయేటర్ తగిలించి చూడండి. హార్మోనిక్ 10 డీబీ తగ్గితే అది మీ బోర్డుదే. 20 దాకా పడిపోతే టైనీఎస్ఏది. ఈ చెక్ చేయకుండా π (పై) ఫిల్టర్, అంటే యాంటెన్నా దారిలోని కాయిల్, కెపాసిటర్ల విలువలు మార్చుకుంటూ కూర్చుంటే వారం గడిచినా ఒరిగేదేమీ ఉండదు. నిజంగా బోర్డుదే అయితే ముందు పవర్ 8 నుంచి 4 డీబీఎంకి దించి చూడండి, హార్మోనిక్ సాధారణంగా అంతకంటే ఎక్కువే దిగుతుంది. తర్వాత షంట్ కెపాసిటర్ (సిగ్నల్ దారి నుంచి గ్రౌండ్‌కి కలిపేది) గ్రౌండ్ వయా (బోర్డు పొరల్ని కలిపే రంధ్రం) దగ్గరగా ఉందో లేదో చూడండి.

లోరా వాళ్లకి ఇంకా బాగా పనికొస్తుంది. మనకి 865–868 మెగాహెర్ట్జ్, యూరప్‌కి 863–870, అమెరికాకి 902–928. 915 దగ్గర రెండో హార్మోనిక్ 1830 నిషిద్ధ బ్యాండ్‌లో లేదు. 2745, 3660, 4575 మాత్రం ఉన్నాయి, మూడూ ఈ డబ్బాకి అందుతాయి.

అందనివి కూడా తక్కువేం కాదు. బ్లూటూత్ మూడో హార్మోనిక్ 7.2 గిగాహెర్ట్జ్ పైన. 2440 చానెల్‌ది 7320, అది కూడా నిషిద్ధ బ్యాండే (7.25–7.75), కానీ 6 గిగాహెర్ట్జ్ పైన ఈ మోడల్ చూపే స్థాయిని నమ్మలేం. ఎఫ్‌సీసీ 1 గిగాహెర్ట్జ్ పైన 1 మెగాహెర్ట్జ్ ఆర్‌బీడబ్ల్యూ అడుగుతుంది, దీని గరిష్ఠం 850 కిలోహెర్ట్జ్. అందుకే 2483.5 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఎడ్జ్ (బ్యాండ్ అంచు) మీద దీన్ని నమ్మకూడదు. రెండు ఫర్మ్‌వేర్‌ల మధ్య తేడా చూసుకోవడానికైతే సరే. అడాప్టివిటీ (చానెల్ బిజీగా ఉంటే ఆగడం), రిసీవర్ బ్లాకింగ్ (పక్క సిగ్నల్ బలంగా ఉన్నా వినగలగడం), ఉష్ణోగ్రత పరీక్షలు దీని పని కాదు. సమీప క్షేత్రపు ప్రోబ్ పెట్టి డీసీ–డీసీ కన్వర్టర్ రొద ఎక్కడ పుడుతుందో వెతకొచ్చు, 800 మెగాహెర్ట్జ్ లోపు టైనీఎస్ఏ చూపే స్పెక్ట్రమ్ శుభ్రంగా ఉంటుంది. ఆ ప్రోబ్ రీడింగ్‌ని వోల్ట్ పర్ మీటర్ లెక్కలోకి మాత్రం మార్చకండి.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్‌లో దొరికే చవక ఎస్‌ఎంఏ (మరతో బిగించే చిన్న ఆర్ఎఫ్ కనెక్టర్) కేబుళ్లు 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఎంత తింటాయో ఎవరూ చెప్పరు. మీ కేబుల్ నష్టం ఒకసారి కొలిచి చీటీ అంటించుకోండి. అటెన్యుయేటర్ల దగ్గర పిసినారితనం వద్దు, 10, 20 డీబీవి ఒక్కొక్కటి తప్పనిసరి.

సర్టిఫైడ్ మాడ్యూల్ వాడుతున్నాం కదా అని ఇవన్నీ వదిలేయకండి. మాడ్యూల్ ఎఫ్‌సీసీ ఐడీ మీ ప్రోడక్ట్ లోపలి కన్వర్టర్ రొదని, దగ్గర పెట్టిన ఇతర ట్రాన్స్‌మిటర్‌ని కప్పదు. మన దేశంలో రేడియో పరికరాలకిచ్చే ఈటీఏ అనుమతికి అక్రెడిటెడ్ ల్యాబ్ ఇచ్చిన ఆర్‌ఎఫ్ రిపోర్టే సరళ్ సంచార్ పోర్టల్‌లో ఎక్కించాలి. ఎఫ్‌సీసీకైతే మీ ల్యాబ్ ఎఫ్‌సీసీ గుర్తింపు జాబితాలో ఉందో లేదో అడ్వాన్స్ కట్టకముందే చూసుకోవాలి. ల్యాబ్‌కి రెండు శాంపిళ్లు పంపండి: యాంటెన్నా ఉన్నదొకటి, పిగ్‌టెయిల్ ఉన్నదొకటి. రెంటిలోనూ కింద, మధ్య, పై చానెళ్లు మార్చుకునే టెస్ట్ ఫర్మ్‌వేర్ ఉండాలి.