పాత పవర్‌ఎడ్జ్ ఆర్720: ఇంట్లో ఏ పనికి పెట్టాలి, ఏ పనికి పెట్టకూడదు

ఆఫీసుల్లో సర్వీసు అయిపోయి బయటికొచ్చిన డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720 సర్వర్‌ను కొన్నేళ్లుగా ఇంట్లో వాడుతున్నాను. 2012లో వచ్చిన మోడల్ ఇది. రెండు జియాన్ ప్రాసెసర్లు, 24 మెమరీ స్లాట్లు, నా దాంట్లో 3.5 అంగుళాల డిస్కులకు 8 అరలు. రాత్రింబవళ్లు నడిచే పనికి మాత్రం దీన్ని పెట్టకండి. వారానికోసారి లేచి బ్యాకప్ తీసుకుని ఆగిపోయే పనికీ, కావాల్సినప్పుడు వర్చువల్ మెషీన్లు (ఒకే యంత్రంలో నడిచే విడి కంప్యూటర్ల లాంటివి) నడిపే ల్యాబుకూ ఇంత చవగ్గా దొరికే సరుకు మరొకటి లేదు.

కరెంటు లెక్క చూడండి. రెండు ప్రాసెసర్లు, ఎనిమిది డిస్కులతో ఊరికే కూర్చున్నా 120 నుంచి 150 వాట్లు లాగుతుంది. 130 వాట్లనుకుంటే నెలకు సుమారు 94 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే దాదాపు 750. పైగా అది ఇంటి వాడకం మీద పడి స్లాబును పైకి నెడుతుంది. రౌటర్, సినిమాల సర్వర్ లాంటి వాటికి ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న పెట్టె చాలు. ఒక్కో కోర్ వేగంలో అదే ముందుంటుంది. వీడియో మార్చడానికి దానికి గ్రాఫిక్స్ ఉంది, ఈ జియాన్‌లకు లేదు.

బ్యాకప్‌కు పెట్టే తీరు ఇదీ. సర్వర్ ఆపి ఉన్నా, దాన్ని దూరం నుంచి నియంత్రించే ఐడ్రాక్ అనే చిప్ మేలుకునే ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న యంత్రం నుంచి ఐడ్రాక్‌కు ఆదేశాలు పంపే ఐపీఎంఐటూల్ ప్రోగ్రామ్‌తో పవర్ ఆన్ చేసి, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ స్నాప్‌షాట్లలో (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో దాని నకళ్లలో) మారినంత మేరకే పంపి, షట్‌డౌన్ చేయిస్తే సరి. ఐడ్రాక్ లాగే కరెంటు కలిపినా నెలకు ఇరవై యూనిట్లలోపే. లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. సర్వర్‌లోనే ఉండే లైఫ్‌సైకిల్ కంట్రోలర్ అనే సెటప్ మెనూలో, ప్రతి రీస్టార్ట్‌కూ లోపలి భాగాల జాబితా సేకరించే సెట్టింగ్ ఆపేస్తే కొంత తగ్గుతుంది. ఐడ్రాక్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టొద్దు, దాని ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) పాతది.

అందరికీ చిక్కొచ్చేది రెయిడ్ కార్డు, అంటే డిస్కులను కలిపి నడిపే కార్డు దగ్గరే. ఈ సర్వర్‌కు వచ్చే కార్డుల్లో హెచ్710 మినీలో డిస్కును నేరుగా చూపించే మోడ్ లేదు. ఒక్కో డిస్కును విడిగా రెయిడ్ 0 వాల్యూమ్‌గా చేసి జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఇస్తే పని జరుగుతుంది గానీ, స్మార్ట్ సమాచారం (డిస్కు ఆరోగ్యం చెప్పే లెక్కలు) తేలిగ్గా కనబడదు. కార్డు పోయిననాడు డిస్కులను వేరే యంత్రంలో చదవడమూ కష్టమే. హెచ్310 డిస్కులను నేరుగా చూపిస్తుంది గానీ, డెల్ ఫర్మ్‌వేర్‌తో క్యూ డెప్త్ (ఒకేసారి వరుసలో ఉంచుకోగల పనుల సంఖ్య) 25 మాత్రమే. డిస్కులన్నీ ఒకేసారి పనిచేస్తే అక్కడే కుంటుపడుతుంది. రెండింటికీ మందు ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్, అంటే రెయిడ్ పని మానేసి డిస్కులను నేరుగా చూపించేలా కార్డును మార్చేది. మొదలుపెట్టే ముందు హెచ్710 అయితే బీ0 రివిజనా, డీ1 రివిజనా చూసుకోండి, శాస్ అడ్రస్ (కార్డుకు ఉండే ప్రత్యేక గుర్తింపు నంబర్) కాగితం మీద రాసుకోండి, కార్డు బ్యాటరీ కేబుల్ తీసేయండి, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపండి. మామూలు పీసీఐ కార్డు ఫర్మ్‌వేర్‌ను మినీ కార్డులో ఎక్కిస్తే స్టోరేజ్ స్లాట్‌లో చెల్లని కార్డు ఉందంటూ సర్వర్ బూటే అవదు.

పాత శాస్ డిస్కులు (సర్వర్లలో వాడే రకం) కొంటే ముందు సెక్టర్ సైజు అడగండి. స్టోరేజ్ అర్రేల నుంచి తీసినవి 520 బైట్లవి అయ్యుంటాయి. లినక్స్‌లో డిస్కు కనబడుతుంది, సైజు మాత్రం సున్నా చూపిస్తుంది. ఎస్‌జీ3-యూటిల్స్ ప్యాకేజీతో 512కి ఫార్మాట్ చేయాలి. పెద్ద డిస్కుకు గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకూడదు.

ఫ్యాన్ల హోరు ఇంట్లో భరించలేం. వేరే కంపెనీ పీసీఐ కార్డు పెడితే వేగం ఇంకా పెరుగుతుంది. ఐడ్రాక్‌లో ఐపీఎంఐ ఓవర్ ల్యాన్ (నెట్‌వర్క్ నుంచి ఆదేశాలు తీసుకునే సెట్టింగ్) ఆన్ చేసి, ఐపీఎంఐటూల్‌లో రా కమాండ్‌గా 30 30 01 00 అనే హెక్స్ బైట్లు పంపితే ఆటోమేటిక్ నియంత్రణ ఆగుతుంది. 30 30 02 ఎఫ్‌ఎఫ్ 14 పంపితే ఫ్యాన్లన్నీ 20 శాతానికి దిగుతాయి. 30 30 01 01తో మళ్లీ ఆటోమేటిక్‌కు వస్తుంది. ప్రాసెసర్ వేడి 65 డిగ్రీలు దాటితే ఈ చివరి కమాండ్ పంపే స్క్రిప్టు లేకుండా ఈ పని చేయొద్దు. మన ఎండాకాలంలో 20 శాతం సరిపోని రోజులుంటాయి.

మెమరీ డీడీఆర్3 ఈసీసీ, అంటే చిన్న తప్పులను తానే సరిదిద్దుకునే రకం. రిజిస్టర్డ్ మాడ్యూళ్లనూ మామూలు ఈసీసీ మాడ్యూళ్లనూ కలపకూడదు. 64 జీబీకి 8 జీబీవి ఎనిమిది తీసుకుని, ప్రాసెసర్‌కు నాలుగు చొప్పున తెల్ల క్లిప్పుల స్లాట్లలో పెట్టండి. అప్పుడు ఒక్కో ప్రాసెసర్‌కున్న నాలుగు మెమరీ ఛానళ్లూ పనిచేస్తాయి. కరెంటు ఆదాకని రెండో ప్రాసెసర్ తీసేస్తే సగం మెమరీ స్లాట్లు, కొన్ని పీసీఐ స్లాట్లు పనిచేయవు. బ్యాకప్‌కు అదేం ఇబ్బంది కాదు.

ఇంటి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద దీన్ని నడపొద్దు, ఈ పవర్ సప్లైలకు అది పడదు. ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ కావాలి. అంతకన్నా ముందు ఎర్తింగ్ చూపించుకోండి. పవర్ సప్లై ఫిల్టర్ల నుంచి కొద్దిగా లీకేజీ ఎప్పుడూ ఉంటుంది, రెండు సప్లైలుంటే రెట్టింపు. ఎర్త్ సరిగా లేని ఇంట్లో పెట్టె ముట్టుకుంటే జివ్వుమంటుంది.

లినక్స్ ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఈ ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే సూచనల సమూహం లేదు కాబట్టి రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 ఎక్కదు. 9 వరకే. డెబియన్‌తో ఆ బెడద లేదు, నేను వాడేది అదే.